గ్వాటెమాలా: ముందు అగ్నిపర్వతం, తర్వాత ఆతిత్లాన్ సరస్సు

మధ్య అమెరికాలోని గ్వాటెమాలా వెళ్తున్నామని ఎవరు చెప్పినా నేను ముందు చెప్పేది ఒకటే: కొండ ముందు ఎక్కండి, సరస్సుకు తర్వాత వెళ్లండి. ఆతిత్లాన్ ఒడ్డున ఒంటికి బద్ధకం అలవాటయ్యాక 3,976 మీటర్ల ఆకతెనాంగో అగ్నిపర్వతం ఎక్కమంటే కాళ్లు కదలవు. హ్యూస్టన్‌లో విమానం ఎక్కిన మా స్నేహితుల బ్యాచ్ ఈ వరసలోనే వెళ్లింది.

మొదటి మకాం ఆంటిగ్వా. 1773 భూకంపం తర్వాత రాజధానిని ఇక్కణ్నుంచి తరలించారు. ఆనాడు కూలిన చర్చిల గోడలు ఇప్పటికీ ఊరి మధ్యలో నిలబడి ఉన్నాయి. ఊరు 1,500 మీటర్ల ఎత్తులో ఉంటుంది కాబట్టి, ఒకట్రెండు రాత్రులు ఆగితే ఊపిరి కాస్త సర్దుకుంటుంది. వీధులన్నీ రాళ్లు పరిచినవి. చక్రాల సూట్‌కేస్ కన్నా వీపున వేసుకునే బ్యాగే నయం. హాస్టళ్లు చవక, కానీ చాలావాటిలో రాత్రి పాటల హోరు. మేము ఒక కుటుంబం నడిపే గెస్ట్‌హౌస్‌లో దిగాం. పొద్దున్నే డాబా మీద కాఫీ తాగుతుంటే ఎదురుగా ఫ్వేగో అగ్నిపర్వతం పొగ ఊదుతూ కనిపించేది. డాబా ఉన్న చోటే వెతకండి, గది చిన్నదైనా ఫర్వాలేదు.

ఆకతెనాంగో తీసుకెళ్లే కంపెనీలు వీధికొకటి ఉన్నాయి. రేటు ఒక్కటే చూసి డబ్బు కట్టొద్దు. పైన గుడారమా, చెక్క గదా? జాకెట్, గ్లవ్స్ ఇస్తారా, అద్దె విడిగానా? శాకాహారం ఉందా? ఇవన్నీ అడిగి తేల్చుకోవాలి. మేము వెళ్లిన కంపెనీ జాకెట్లకు విడిగా వసూలు చేసింది, ఇచ్చిన స్లీపింగ్ బ్యాగుల్లో కొన్ని తడిగా ఉన్నాయి. ఆ ఎత్తున రాత్రి చలి సున్నా డిగ్రీల దాకా దిగుతుంది. తడి బ్యాగులో పడుకోవడమంటే ఆరోగ్యంతో చెలగాటమే. గైడ్ మాత్రం మనసున్న మనిషి. తన దుప్పటి తీసి మావాడికి కప్పాడు.

నడక లా సొలెదాద్ అనే ఊరి దగ్గర, సుమారు 2,400 మీటర్ల ఎత్తులో మొదలవుతుంది. మొదటి గంటే కష్టం. మొక్కజొన్న చేల మధ్య బూడిద కలిసిన వదులు మట్టి, అడుగు వేస్తే సగం వెనక్కి జారుతుంది. ఆపైన మబ్బు కమ్మిన అడవి, తర్వాత పైన్ చెట్లు. కింది ఊళ్లవాళ్లు కూలికి బ్యాగులు మోస్తారు. మొహమాటపడకుండా మాట్లాడుకోండి. మన నడుం నిలబడుతుంది, డబ్బు ఆ ఊరికే చేరుతుంది. క్యాంపు 3,600 మీటర్ల దగ్గర ఉంటుంది.

చీకటి పడ్డాక ఫ్వేగో అసలు రూపం కనిపించింది. ముందు ఎర్రటి వెలుగు లేస్తుంది, చప్పుడు ఉండదు. కొన్ని క్షణాలకు ఉరుము వచ్చి గుడారం గుడ్డ అదురుతుంది. అప్పటికి నిప్పు రాళ్లు కొండ పక్క దొర్లుతుంటాయి, ఒక్కొక్కటి నల్లబడేదాకా కంటితో వెంబడించొచ్చు. "ఒరేయ్, పడుకోండ్రా, తెల్లారకముందే లేవాలి" అని అనుకోవడమే కానీ ఎవరూ కదల్లేదు. ఇదే ఫ్వేగో 2018 జూన్ 3న విరుచుకుపడి సాన్ మిగెల్ లోస్ లోతెస్ అనే ఊరిని పూడ్చేసింది, వందల మంది పోయారు. అదనపు డబ్బు కడితే ఫ్వేగో వైపు గట్టు మీదికి కూడా తీసుకెళ్తారు. మేం వెళ్లలేదు, ఎవరికీ వెళ్లమని చెప్పను. క్యాంపు నుంచే కళ్ల నిండా కనిపిస్తుంది.

అంత ఓపిక లేనివాళ్లకు పకాయా అనే మరో అగ్నిపర్వతం ఉంది. కొన్ని గంటల నడక, వేడి రాళ్ల మీద మార్ష్‌మెలో కాల్చుకోవడం. పిల్లలతో వస్తే అదే సరి.

ఆంటిగ్వా నుంచి సరస్సు ఒడ్డునున్న పనహచెల్‌కు షటిల్ వ్యాన్‌లో మూడు గంటల దాకా పడుతుంది. ఆతిత్లాన్ సుమారు 80 వేల ఏళ్ల కిందటి మహా విస్ఫోటంలో పుట్టిన గుంట. లోతు 300 మీటర్లకు పైనే, నీరు బయటికి పారే నది ఒక్కటీ లేదు. దక్షిణాన సాన్ పెద్రో, తోలిమాన్, ఆతిత్లాన్ అగ్నిపర్వతాలు. ఒడ్డునున్న ఊళ్ల మధ్య లాంచాలనే మోటారు పడవలు తిరుగుతాయి. మధ్యాహ్నం దాటాక షోకోమిల్ గాలి లేచి అలలు ఎగసిపడతాయి, లగేజీతో ఉంటే పొద్దున్నే దాటండి. ఊళ్ల మధ్య కాలిబాటల్లో దోపిడీలు జరిగాయి, అందుకే నడక కన్నా పడవే క్షేమం. ఊళ్లో తిరగడానికి తుక్‌తుక్‌లున్నాయి. చాలావరకు మన బజాజ్ బళ్లే, చూడగానే ప్రాణం లేచొచ్చింది.

పనహచెల్‌లో ఏటీఎంలు, దుకాణాలు, రద్దీ. సాన్ పెద్రో ఊళ్లో కుర్రకారు, బార్లు. సాన్ మార్కోస్ యోగా, ధ్యానం కోసం వచ్చే విదేశీయులతో నిండి ఉంటుంది, ధరలూ ఆ లెక్కలోనే. మా ఓటు సాన్ హువాన్‌కు. త్సుతుహిల్ అనే మాయా తెగ కుటుంబాల ఊరు, రాత్రి తొమ్మిదికల్లా సద్దుమణుగుతుంది. మహిళల నేత సహకార సంఘాల్లో ఒక పెద్దావిడ మగ్గం పట్టీ నడుముకు కట్టుకుని, రెండో కొస స్తంభానికి బిగించి, వెనక్కి వాలుతూ నేస్తోంది. రంగు నిలవడానికి దారాన్ని అరటిబోదె నీళ్లలో నానబెడతారట. ముందే ముడులు కట్టి రంగులద్దిన దారంతో నేసిన శాలువా చూపించింది, అచ్చం మన పోచంపల్లి ఇక్కత్! ధర గురించి బేరమాడబుద్ధి కాలేదు. ఆడొద్దు కూడా.

తిండికి ఇబ్బంది లేదు. నల్ల చిక్కుడు గింజలు, అన్నం, అప్పటికప్పుడు పెనం మీద కాల్చిన మొక్కజొన్న రొట్టె, అవకాడో దొరకని చోటు లేదు. నువ్వులు, గుమ్మడి గింజలు వేయించి నూరి చేసే పెపియాన్ పులుసు మన నాలుకకు ఇట్టే నచ్చుతుంది. మాంసం లేకుండా కావాలంటే ముందే అడగాలి. ప్రపంచానికి ఏలకులు అత్యధికంగా ఎగుమతి చేసే దేశాల్లో ఇదొకటి. వాళ్ల వంటల్లో మాత్రం మాకెక్కడా ఆ వాసన తగల్లేదు. మార్కెట్లో కొనుక్కోండి.

నవంబర్ నుంచి ఏప్రిల్ దాకా వానలు తక్కువ, కొండకు అదే కాలం. చిన్న ఊళ్లలో కార్డు పనిచేయదు, నగదు ఉంచుకోండి. తిరుగు ప్రయాణానికి సరస్సు నుంచి నేరుగా విమానాశ్రయానికి వెళ్లే టెన్షన్ పెట్టుకోవద్దు. కొండచరియలు విరిగినా, రాస్తారోకోలు జరిగినా దారి గంటల తరబడి ఆగిపోతుంది. ఆఖరి రాత్రి ఆంటిగ్వాలోనే పడుకోండి.