ఉద్దానంలోని ఒక చిన్న ఆసుపత్రి అత్యవసర విభాగం: ఎనిమిదేళ్ల అనుభవం

శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో, మా ఊరికి ఐదు కిలోమీటర్ల దూరంలో ఉన్న ముప్పై పడకల ఆసుపత్రికి 2017 నుంచి పద్నాలుగు సార్లు వేళకాని వేళలో పరుగెత్తాను. అందులో పదకొండు సార్లు మా నాన్నగారి కోసమే. ఆయన మూత్రపిండాల రోగి. పలకరింపులోనే క్రియాటినిన్ (మూత్రపిండాలు ఎంత దెబ్బతిన్నాయో చెప్పే రక్తపరీక్ష అంకె) ఎంతుందని అడిగే ఊళ్లు మావి కాబట్టి ఇక్కడివారికి దాని గురించి వేరే చెప్పనక్కరలేదు. ఆసుపత్రి పేరు మాత్రం రాయడం లేదు.

మొదటిసారి వెళ్లింది నడుంనొప్పికి. అప్పటికి నాన్నగారికి ఇంకా డయాలసిస్ మొదలు కాలేదు. డ్యూటీలో ఉన్నవారు ఏమీ అడగకుండానే డైక్లోఫెనాక్ సూది వేసి, అరగంట పడుకోబెట్టి పంపించేశారు. ఆ రకం నొప్పి మందులు మూత్రపిండాలకు అందే రక్తాన్ని తగ్గిస్తాయనీ, అప్పటికే దెబ్బతిన్నవాటికి మరింత చేటు చేస్తాయనీ మాకు తరువాత తెలిసింది. ఆ ఒక్క సూది వల్లే ఆయన జబ్బు ముదిరిందని నేను అనను, అలా అనడానికి నా దగ్గర ఆధారం లేదు. కానీ వీధికి ఇద్దరు ముగ్గురు కిడ్నీ రోగులున్న చోట, సిరంజిలోకి మందు తీసే ముందు ఆ ఒక్క ప్రశ్న అడగకపోవడాన్ని చిన్న పొరపాటుగా తీసిపారేయలేను.

2019లో ఎడమ చేతికి ఫిస్టులా ఆపరేషన్ (డయాలసిస్ సూదులు గుచ్చడానికి వీలుగా ధమనిని సిరతో కలపడం) చేయించి డయాలసిస్ మొదలుపెట్టాము. ఆ చేతికి బీపీ పట్టీ చుట్టకూడదు, సెలైన్ సూది గుచ్చకూడదు, రక్తం తీయకూడదు. ఆ ఫిస్టులా మూసుకుపోతే డయాలసిస్‌కు వేరే దారి వెతుక్కోవాలి. రాత్రి డ్యూటీ చేసే ఒక సీనియర్ స్టాఫ్ నర్సు నాన్నగారిని చూడగానే, "ఏటైంది తాతా? సూదులేసే చెయ్యి ఏది?" అని అడిగి, ఆ మణికట్టుకు గాజుగుడ్డ చుట్టి, దానిమీద పెన్నుతో 'ఈ చెయ్యి వద్దు' అని రాసేవారు. ఆమె సెలవులో ఉన్న రోజున, కొత్తగా వచ్చిన కుర్రవాడు అదే చేతికి నరం వెతుకుతుంటే నేను అడ్డుపడవలసి వచ్చింది. ఈ ఆసుపత్రి గురించి నా ఫిర్యాదంతా ఇక్కడే ఉంది. జాగ్రత్త తెలిసినవారు ఉన్నారు, కానీ వారికి తెలిసినది ఏ కాగితం మీదికీ ఎక్కలేదు, అందువల్ల వారు ఇంటికి వెళితే దానినీ వెంట తీసుకువెళుతున్నారు.

ఇదే ఆసుపత్రి ఆయన ప్రాణం నిలబెట్టిన సంగతి కూడా చెప్పాలి. ఒక ఎండాకాలం మధ్యాహ్నం, మాకు తెలియకుండా మూడు కొబ్బరిబోండాలు తాగేశారు. చుట్టూ కొబ్బరితోటలే ఉన్నప్పుడు ఏ ముసలాయనను కాపలా కాయగలం? కొబ్బరినీళ్లలో పొటాషియం ఎక్కువ, పనిచేయని మూత్రపిండాలు దానిని బయటికి పంపలేవు. సాయంత్రానికి కాళ్లలో సత్తువ పోయి లేవలేకపోయారు. డ్యూటీ డాక్టరు రక్తపరీక్ష ఫలితం కోసం ఆగకుండా ముందు ఈసీజీ తీయించి, అందులో గీతలు సూదిమొనల్లా పైకి లేవడం చూసి, గుండెకు రక్షణగా నరంలోకి నెమ్మదిగా కాల్షియం ఎక్కించి, ఆ తరువాత గ్లూకోజుతో కలిపి ఇన్సులిన్ ఇచ్చి, ఆవిరి మందు కూడా పట్టించి, అప్పుడు గాని డయాలసిస్‌కు పంపలేదు. ఇవి ఆయువును గంటల లెక్కన పొడిగించే మందులే. ఆ గంటలే మాకు అవసరమయ్యాయి.

మా పినతండ్రి కొడుకును జీడితోటలో రక్తపింజర కరిచినప్పుడు కూడా పద్ధతిగానే చూశారు. పొడిగా, శుభ్రంగా ఉన్న గాజు గొట్టంలో కాస్త రక్తం తీసి, ఇరవై నిమిషాలు కదపకుండా ఉంచి, వంచి చూస్తే గడ్డకట్టలేదు, అంటే విషం ఒంట్లోకి ఎక్కిందన్నమాట. వెంటనే విరుగుడు మందు పది సీసాలు సెలైన్‌లో కలిపి గంటలో ఎక్కించారు. ఆ మందు పడకపోతే వాడవలసిన అడ్రినలిన్ సూదిని ముందే పక్కన సిద్ధంగా పెట్టుకున్నారు. మరుసటి ఏడాది పొరుగింటావిడను తీసుకువెళితే గాజు గొట్టాలు అయిపోయాయని చెప్పి, సబ్బునీళ్లతో కడిగిన పాత మందుసీసాలో అదే పరీక్ష చేశారు. సబ్బు అంటిన సీసాలో గడ్డకట్టవలసిన రక్తం కూడా గడ్డకట్టకపోవచ్చు. కొద్దిపాటి ధర చేసే గొట్టం లేక పరీక్షే నమ్మదగనిదైంది.

పరికరాల సంగతి సుమారుగా ఉంది. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను తరువాత రోజుల తరబడి కరెంటు లేనప్పుడు జనరేటరు నడిపారు. ఆక్సిజన్ సిలిండర్‌లో గాలి ఎంతుందో వెళ్లిన ప్రతిసారీ నేనే ముల్లు చూసుకుంటాను. రెండుసార్లు అది సున్నాకు దగ్గరగా కనిపించింది.

అన్నిటికన్నా బలహీనమైనది పెద్దాసుపత్రికి పంపే చీటీ. 'మెరుగైన వైద్యం కోసం' అని ఒక్క వాక్యం, కింద సంతకం. ఏ మందు, ఎంత, ఎన్ని గంటలకు ఇచ్చారో ఉండదు. 108లో రెండు గంటలు ప్రయాణించి శ్రీకాకుళం చేరాక అక్కడి డాక్టరు అడిగిన ప్రశ్నలకు నా జ్ఞాపకమే కేస్ షీటు అవుతోంది. పలాసలో 2023 డిసెంబరులో 200 పడకల ఆసుపత్రి, కిడ్నీ పరిశోధన కేంద్రం ప్రారంభమయ్యాక దూరం తగ్గింది గాని చీటీ మారలేదు. అందుకే నేనే ఒక అట్టముక్క మీద నాన్నగారి జబ్బు, పడని మందులు, ఫిస్టులా ఉన్న చెయ్యి, ఆఖరి డయాలసిస్ తేదీ రాసి ఆయన చొక్కా జేబులో పెడుతున్నాను. ఇచ్చిన ప్రతి మందు పేరు, సమయం దాని వెనుక రాయమని అడుగుతాను. ఒకరిద్దరు విసుక్కున్నారు గాని రాశారు.

ఇప్పటికీ పాముకాటుకైనా, నాన్నగారికి ఆయాసం వచ్చినా మొదట ఈ ఆసుపత్రికే వెళతాను, దారిలో ఉండగానే ఫోను చేసి రాత్రి డ్యూటీలో ఎవరున్నారో కనుక్కుంటాను. తలకు దెబ్బ తగిలినవారిని మాత్రం ఇక్కడ ఆపకుండా తీసుకువెళ్లమని 108 వారినే అడుగుతాను, ఎందుకంటే ఇక్కడ సీటీ స్కాన్ లేదు.