దసమందం చేను కోసం కడపలో నాలుగు రోజులు

మా ఊరి గురించి పాత రాతలు వెతుకుదామని కడప పోయాను. ముందే చెప్పేస్తా, వరస తప్పాను. గండికోట ముందు చూసి, కడపలోని బ్రౌన్ గ్రంథాలయానికి ఆ తర్వాత పోయాను. అటుది ఇటు చేసి ఉంటే కోటలో రాళ్లూ లోయా కాకుండా ఇంకో నాలుగు సంగతులు కనబడి ఉండేవి. మీరెవరైనా కడప వైపు పోయేటట్టయితే ఆ తప్పు చేయకండి.

కాచిగూడలో రాత్రి వెంకటాద్రి ఎక్కితే తెల్లవారకముందే కడపలో దించేసింది. ఆ వేళకు రూము దొరకడం కష్టమేమీ కాదు, మంచి రూము దొరకడమే కష్టం. ఏడురోడ్ల చుట్టుపక్కల లాడ్జీలు బోలెడు. మొదట దిగినదాంట్లో వేడినీళ్లు ఇరవై నాలుగు గంటలూ వస్తాయని బోర్డుంది. అడిగితే కుర్రాడు బకెట్టు తెచ్చి పెట్టి, "ఆరు దాటినాక గీజరు ఏచ్చాం సార్" అన్నాడు. కిటికీ తెరిస్తే పక్క గోడ. మర్నాడు మారిపోయి, బస్టాండుకు కొంచెం ఎడంగా ఉన్న ఇంకో చోట రెండు రాత్రులున్నాను. రోజుకు మూడొందలు ఎక్కువైనా రాత్రి నిద్ర పట్టింది. చదువుకునే పని మీద పోయేవాళ్లకు టేబులు, దాని పక్కనే ప్లగ్గు, పైన వెలుతురు ఉన్న రూము కావాలి. ఏసీ గురించి అడిగినంత గట్టిగా వీటి గురించి ఎవరూ అడగరు గనక ఎవరూ పెట్టరు.

మా చిన్నాయన ప్రొద్దుటూరు నుంచి వచ్చి కలిశాడు. డెబ్బై నాలుగేళ్లు. మా తాతల ఊరు మైదుకూరు దగ్గర. ఆ ఊరి గురించి పాత రాతలేమైనా ఉంటాయేమో చూద్దామని నేనంటే, "అబ్బోడా, ఓటరు లిస్టులోనే మనూరి పేరు సరింగా ల్యా. పుస్తకాల్లో యాడుంటాది?" అని నవ్వాడు. అయినా వచ్చాడు. మొదటిరోజు గండికోట అనేసరికి ఇంకా హుషారుగా వచ్చాడు.

కడప నుంచి గండికోటకు జమ్మలమడుగు మీదుగా పోవాలి, బస్సుల్లో అయితే మారాలి. జమ్మలమడుగు నుంచి పదిహేను కిలోమీటర్లే గానీ బస్సు కోసం నిలబడి విసిగిపోయి చివరికి ఆటో మాట్లాడుకున్నాం. ఎర్రమల కొండల్ని పెన్న కోసుకుంటూ పోయిన చోట ఆ గండి. దాని అంచున కోట, అందుకే ఆ పేరు. చూసినవాళ్లెవరూ తక్కువ చేసి చెప్పలేరు. మాధవరాయస్వామి గుడి గోపురం, జామియా మసీదు, ధాన్యాగారం, మసీదు దగ్గర కత్తుల కోనేరు అన్నీ నడక దూరంలోనే ఉన్నాయి. వారాంతంలో బెంగళూరు బండ్లు ఎక్కువ. రాత్రి గుడారాల్లో ఉండేవాళ్లు పెట్టే పాటలు పెన్న అవతలి గట్టుకు తగిలి తిరిగొస్తాయని అక్కడి టీకొట్టాయన చెప్పాడు. పర్యాటక శాఖ హరిత హోటలు ఉంది, ముందుగా చెప్పుకుంటే అక్కడ ఉండడమే నయం. మేము ఉండలేదు. రెండు ఫొటోలు, ఒక సోడా, సాయంత్రానికి వెనక్కి. మూడు వందల ఏళ్ల దాకా ఏలిన పెమ్మసాని వాళ్ల గురించీ, 1652లో గోల్కొండ సేనాని మీర్ జుమ్లాకు రత్నాలు అమ్మజూపడానికి ఈ కోటకే వచ్చిన ఫ్రెంచి వర్తకుడు టావెర్నియే గురించీ నాకు తెలిసింది మరుసటి రోజు, అదీ కడపలో కుర్చీలో కూర్చుని. కోటలో నిలబడ్డప్పుడు తెలిసుంటే ఆ ధాన్యాగారం గోడల్ని ఇంకో రకంగా చూసేవాణ్ణి.

రెండో రోజు కడపలోనే ఎర్రముక్కపల్లె. సి.పి. బ్రౌన్ భాషా పరిశోధన కేంద్రం అంటే ఆటోవాళ్లకు కొంచెం తడబాటు, "బ్రౌన్ లైబ్రరీ" అంటే చాలు. 1820లో, ఇరవై రెండేళ్లు కూడా నిండని బ్రౌన్ ఈ ఊరికి చిన్న ఉద్యోగిగా వచ్చాడు. తర్వాత ఇక్కడే బంగళా, తోట కొని, పండితులకు సొంత జీతాలిచ్చి పెట్టుకుని, తాళపత్రాలు తెప్పించి ప్రతులు రాయించాడు. 1829లో వేమన పద్యాలు అచ్చు వేశాడు, 1852లో నిఘంటువు. ఆయన బంగళా శిథిలమైన చోటే ఈ గ్రంథాలయం లేచింది. జానమద్ది హనుమచ్ఛాస్త్రి గారు ఏళ్ల తరబడి తిరిగి చందాలు అడక్కపోయుంటే అక్కడ మొండిగోడలే ఉండేవి. 2006 నుంచి యోగి వేమన విశ్వవిద్యాలయం చేతిలో ఉంది. సెలవు రోజులేవో కనుక్కుని పోండి. బయటివాళ్లు ఏ పని మీద వచ్చామో ఒక కాగితం మీద రాసి ఇస్తే మాటలు తగ్గుతాయి. నేను ఇంటి దగ్గరే రాసుకుని పోయాను.

నాకు కావలసినవి కైఫీయత్తులు, అంటే ఊరూరి చరిత్ర రాతలు. కర్నల్ మెకంజీ అనే సర్వే అధికారి, 1815లో దేశానికి మొదటి సర్వేయర్ జనరల్ అయినవాడు, దత్తమండలాల్లో, అంటే మన సీమ వైపు, కొలతలతో పాటు ఊళ్ల కథలు కూడా పోగుచేయించాడు. కావలి బొర్రయ్య, లక్ష్మయ్య అన్నదమ్ములు ఆయన దగ్గర పనిచేశారు. వాళ్లూ వాళ్ల కింది గుమాస్తాలూ ఊరూరా పోయి, కరణాల దగ్గరున్న కవిలెలు (ఊరి లెక్కల పుస్తకాలు) చూసి, ముసలివాళ్లను అడిగి రాసుకొచ్చారు. గుడి ఎవరు కట్టారు, చెరువు ఎవరు తవ్వించారు, మాన్యం ఎవరిది, దొరతనం చేతులెట్లా మారింది, అన్నీ అందులో పడ్డాయి. మెకంజీ 1821లో పోయాక ఆయన భార్య దగ్గర కంపెనీవాళ్లు ఆ సేకరణను పదివేల పౌన్లకు కొన్నారు. కడప జిల్లావి ఈ కేంద్రమే సంపుటాలుగా అచ్చు వేసింది. కథ చదివినట్టు చదవబోతే రెండు పేజీలకే విసుగొస్తుంది. మౌజే, పరగణా, ఫసలీ, బలుతాలు అంటూ పాత రెవెన్యూ మాటలతో సాగుతాయి. వాక్యం ఎక్కడ ఆగిందో, ఇంకోటి ఎక్కడ మొదలైందో మనమే చూసుకోవాలి. ఒక చిన్న కిటుకు: శాలివాహన శకానికి 78, ఫసలీకి (శిస్తు లెక్కల సంవత్సరానికి) 590 కలుపుకుంటే మనకు తెలిసిన సంవత్సరం వస్తుంది. ఫసలీ 1221 అంటే 1811. ఇది పుస్తకం అట్టలోపల పెన్సిలుతో రాసి పెట్టాలనిపించింది, రాయలేదులెండి.

ఇంట్లో మేమందరం "దసమందం చేను" అనే పొలం చెక్క ఒకటి ఉండేది, చెరువు కింద రెండెకరాలు. అమ్మేసి పాతికేళ్లు దాటింది. ఆ పేరెందుకొచ్చిందని చిన్నప్పుడు అడిగితే, పదిమంది అన్నదమ్ములు పంచుకున్న చేను గనక దశ మంది, దసమందం అయిందని అవ్వ చెప్పింది. లెక్క సరిపోయింది కదా అని నేను మళ్లీ అడగలేదు. కడపలో మధ్యాహ్నం పన్నెండున్నరప్పుడు, పైన ఫ్యాను కిర్రుమంటుంటే, మా ఊరి కైఫీయతులో నాలుగో పేజీలో వేలు ఆగింది: చెరువుకు దశబంధం మాన్యం. చెరువు తవ్వించినవాడికో, తెగితే బాగుచేసేవాడికో కొంత భూమి మాన్యంగా వదిలేవాళ్లు. బదులుగా కట్ట, తూము, నీళ్లు పొర్లే కలుజు, వీటి బాగోగులు ఆ ఇంటివాళ్లు చూడాలి. సీమలో చెరువులు అట్లా బతికాయి. దశబంధం నోట్లో నలిగి దసబందం, దసమందం అయింది. పదిమంది అన్నదమ్ములు ఎప్పుడూ లేరు.

పుస్తకం చిన్నాయన ముందుకు జరిపాను. కళ్లద్దాలు తుడుచుకుని రెండుసార్లు చదివాడు.

"అయితే కట్ట తెగినప్పుడల్లా మన్ను మోసింది మనోళ్లేనన్నమాట" అన్నాడు. కాసేపటికి, "అమ్మకుండా ఉండాల్సింది రా" అన్నాడు.

మూడో రోజు సాయంత్రం ఒక శాఖా గ్రంథాలయంలో జానపద కళలు, స్థానిక చరిత్ర మీద కార్యక్రమం ఉందని ఒకరు చెబితే పోయాం. ఊరి పేరు రాయను. నాలుగున్నరకని చెప్పి ఆరింటికి మొదలుపెట్టారు. మైకు కుయ్యిమంటూనే ఉంది. జ్యోతి ప్రజ్వలన, శాలువాలు, ఒకరి తర్వాత ఒకరు మాట్లాడారు. మన జానపదం అంతరించిపోతోందని ముగ్గురు బాధపడ్డారు. ఆ బాధంతా వింటూ చెక్కభజన జట్టు గజ్జెలు కట్టుకుని మెట్ల మీద గంటన్నర కూర్చుంది. చివరికి వాళ్లకు మిగిలింది ఇరవై నిమిషాలు. చిన్నాయనకు కోపం వచ్చింది. "ఇంటి పన్నులో రూపాయికి ఎనిమిది పైసలు గ్రంథాలయం కింద కోస్తాండారు గదా, ఆ పైసలన్నీ శాలువాలకేనా?" అని నా చెవిలో అన్నాడు. నిజానికి పన్ను రాబడి గ్రంథాలయానికి చేరడమే ఆలస్యం. 1960 గ్రంథాలయాల చట్టం ప్రకారం స్థానిక సంస్థలు వసూలు చేసి ఇవ్వాల్సిన సొమ్ము అది. శాలువాలు ఎవరో సొంతంగా తెచ్చినవి. అయినా ఆయన మాటలో అసలు సంగతి ఉంది.

పెద్దలు కార్లెక్కి పోయాక అసలు కార్యక్రమం మొదలైంది. వరండాలో లైటు ఒకటే. జట్టులో ఎనిమిది మంది, అందరికంటే పెద్దాయనకు డెబ్బై దాటి ఉంటాయి. చెక్కలు చూపించమంటే నా చేతికిచ్చాడు. జానెడు పొడవు, నడుమ గాడి, అందులో ఇనుప బిళ్లలు. ఒకటి బొటనవేలికి, ఇంకోటి మిగతా వేళ్లకు ఇరికించి కొట్టాలి. నేను కొడితే రెండు పలకలు తగిలిన చప్పుడు. ఆయన కొడితే బిళ్లలు ముందు మోగి, కొయ్య తర్వాత మోగింది. అదెట్లా అని అడిగితే, "మణికట్టుతో కొట్టు, చేత్తో కొట్టాకు" అన్నాడు. పైర్లు లేని రోజుల్లో గురువును ఊరికి పిలిపించి, తిండీ పడకా చూసుకుని, మూణ్ణెల్లు రాత్రులు నేర్చుకున్నారట. అడుగు తప్పితే గురువు చెక్కతోనే మోకాలి కింద కొట్టేవాడట.

గ్రంథాలయంలో పనిచేసే అమ్మాయి ఒక పాటల పుస్తకం తెచ్చి, ఉయ్యాలవాడ బుడ్డా వెంగళరెడ్డి మీద పాట చూపించింది. 1866 కరువులో వేలమందికి అన్నం పెట్టినందుకు విక్టోరియా రాణి నుంచి బంగారు పతకం అందుకున్న రైతు ఆయన. పెద్దాయనకు చదువు రాదు, చదివి వినిపించమన్నాడు. విన్నాక తల అడ్డంగా ఊపి, "ఈ చరణం ముందు రాకూడదు, తల్లి మాట అయినాక రావల్ల" అని పాడి చూపించాడు. ఆ అమ్మాయి ఫోన్లో రికార్డు చేసింది, పుస్తకంలో పెన్సిలుతో బాణం గుర్తు కూడా వేసింది. అదే నాకు నచ్చింది. పోయినేడాది ధర్మవరం పక్కన నిమ్మలకుంట పోయి తోలుబొమ్మలు చూశాను. దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ వచ్చిన ఊరది. అక్కడ మేకతోలు గీకడం, రంగులు వేయడం దగ్గరుండి చూడొచ్చు. కొనుక్కోవడానికి తోలుతో చేసిన దీపాల తొడుగులూ ఉన్నాయి. చూడ్డానికి అయితే నిమ్మలకుంటే బాగుంటుంది. అడగడానికి, సరిదిద్దడానికి, రాసిపెట్టడానికి మాత్రం ఆ వరండానే మేలు. అన్నట్టు, ఆ జట్టుకు దారిఖర్చులు అందాయా అని అడిగితే, "ఇచ్చారులే" అని నవ్వేశారు. ఎంతో అడగలేదు.

మిగతావి తొందరగా చెప్పేస్తా. ఒంటిమిట్ట కోదండరాముడి గుడి పొద్దున్నే పోతే ప్రశాంతంగా ఉంది. శిల్పాల దగ్గర తొందరపెట్టే వాళ్లు లేరు. అక్కడి నుంచి సిద్ధవటం కోటకు పోయాం. పెన్న ఒడ్డున ఉంది, నీడ తక్కువ, నీళ్లు మీరే తెచ్చుకోవాలి. దేవుని కడప రెండు అడుగుల దూరమే గనక వదలకండి. ఎర్రగుంట్ల పక్కన కలమళ్ల కూడా పోవాలనుకున్నాను, ఆరో శతాబ్దపు రేనాటి చోళుల తెలుగు శాసనం బయటపడ్డ ఊరది. టైము చాల్లేదు. ఈసారి దాన్నే ముందు పెట్టుకుంటా. తిండికి ఇబ్బంది లేదు. కారం దోసె మీద పప్పుల పొడి చల్లేవాళ్ల దగ్గరే తినండి. మధ్యాహ్నం సంగటి, ఊరుబిండి (రోటి పచ్చడి) పెట్టే చిన్న మెస్సుల్లో పన్నెండున్నరకే కూర్చోవాలి, రెండు దాటితే ఊరుబిండి అయిపోతుంది.

నాలుగో రోజు రైలు రాత్రికి. పగలు ఊరికి పోయొచ్చాం. చెరువు నిండా కంపచెట్లు. కట్ట మీద మేకలు. తూము రాళ్లు మాత్రం అట్లాగే ఉన్నాయి, పక్క రాతి మీద ఏదో గీతలుంటే నీళ్లు పోసి తుడిచి చూశాం, అక్షరాలు కావు, కత్తులు నూరుకున్న గాట్లు. దసమందం చేనులో ఇప్పుడు చామంతులు. కొన్నాయన మమ్మల్ని గుర్తుపట్టి టీ తెప్పించాడు. ఆ పేరెందుకొచ్చిందో చిన్నాయన ఆయనకు చెబుతుంటే, మొన్నటి దాకా తనకే తెలియదన్న మాట మాత్రం ఎత్తలేదు.

గ్రంథాలయం అమ్మాయి మా ఊరి చేల పేర్లు రాసిమ్మని అడిగింది. చిన్నాయన బస్సులోనే కైఫీయతు జెరాక్సు వెనకాల మొదలుపెట్టాడు. గొల్లోళ్ల మిట్ట, పాముల గుండం, పీర్ల మాన్యం, కొత్తబాయి కింది చెక్క. మైదుకూరు వచ్చేసరికి ఇరవై మూడు. నేను హైదరాబాదు చేరిన మూడో రోజు రాత్రి పదకొండింటికి ఫోను.

"పడుకున్నావా? ఇంకోటి గుర్తొచ్చింది. కరణం దిబ్బ. రాసుకో."