తాడు తెగితే బండిని ఏది ఆపుతుంది? లిస్బన్, శాన్‌ఫ్రాన్సిస్కో, ట్రియెస్టే

లిస్బన్‌లో కొండ మీది బైరో ఆల్టో పేటలో గది తీసుకునేవాళ్లు ఇదివరకు తాడుతో కొండ ఎక్కే గ్లోరియా బండిని నమ్ముకునేవారు. 1885లో మొదలైన ఆ బండి 2025 సెప్టెంబర్ 3న అదుపు తప్పి 16 మంది ప్రాణాలు తీసింది.

గ్లోరియాలో రెండు పెట్టెలు, వీధి కింద వాటిని కలిపే ఒక తాడు. దిగే పెట్టె బరువు ఎక్కే పెట్టెకు సాయం. ఆ రోజు పై పెట్టె అడుగున, తాడు బిగించిన చోట అది ఊడిపోయింది. పొద్దున తనిఖీ జరిగింది, లోపమేమీ కనబడలేదు. ఎలా కనబడుతుంది? విప్పితే తప్ప ఆ అతుకు కంటికి ఆనదు. బ్రేక్‌మన్ గాలి బ్రేకూ చేతి బ్రేకూ రెండూ వేశారు. చనిపోయినవారిలో ఆయనా ఉన్నారు. తాడు రెండు పెట్టెల బరువునూ సరితూచుతున్నంతసేపే పనిచేసే బ్రేకులవి. తాడు పోయాక పెట్టెను నిలిపే శక్తి వాటికి లేదు. బయల్దేరిన 50 సెకన్లలోపే, గంటకు దాదాపు 60 కిలోమీటర్ల వేగంతో, మలుపు దగ్గరి భవనాన్ని ఢీకొట్టింది. అసలు ఆ తాడుకు మనుషుల్ని మోసే ధ్రువీకరణే లేదని తర్వాత దర్యాప్తులో తేలింది. ఇది క్షమించరానిది.

పెద్ద సూట్‌కేసులుంటే కొండ కింది బైక్సా పేటలోనే గది తీసుకోండి. పైకి వెళ్లాలంటే బైక్సా-షియాదు మెట్రో స్టేషన్ ఎస్కలేటర్లు సగం కొండ ఎక్కిస్తాయి. 28వ నంబర్ ట్రాముకు తాడుతో పనిలేదు, అది సొంత మోటారుతో, సొంత బ్రేకులతో నడుస్తుంది. అది బయల్దేరే మార్తిం మునీజ్ దగ్గర క్యూ చాంతాడంత ఉంటుంది. పొద్దున్నే వెళ్లండి, లేదా అటు చివర కాంపో ది ఔరీక్‌లో ఎక్కండి. జేబులు జాగ్రత్త.

బే ఏరియాలో మనవాళ్లింటికి ఎవరొచ్చినా ఎక్కించే శాన్‌ఫ్రాన్సిస్కో కేబుల్ కారుది వేరే పద్ధతి. వీధి కింద తాడు ఆగకుండా గంటకు సుమారు 15 కిలోమీటర్ల వేగంతో తిరుగుతూనే ఉంటుంది, కారు దాన్ని పట్టుకుంటుంది, వదులుతుంది. ఆపడానికి చక్రాలకు ఇనుప బ్రేకులు, పట్టాల మీద ఒత్తుకునే చెక్క దిమ్మెలు. ఆ దిమ్మెలు కొద్ది రోజులకే అరిగిపోతాయి, కాలిన చెక్క వాసన కూడా వస్తుంది. అదీ ఆపలేకపోతే పట్టాల మధ్య సందులోకి ఉక్కు చీల దిగబడుతుంది. ఒక్కోసారి ఎంత గట్టిగా ఇరుక్కుంటుందంటే గ్యాసు మంటతో కోసి తీయాలి. మామూలు బస్సు టికెట్ ఇందులో చెల్లదు. పావెల్ వీధి క్యూ చూసి బెంబేలెత్తితే కాలిఫోర్నియా లైను ఎక్కండి.

మా ఓటు మాత్రం ఇటలీలోని ట్రియెస్టేకి. కొండ మీది ఒపిచినా ఊరికి వెళ్లే 1902 నాటి ట్రాము 26 శాతం వాలు ఎక్కేటప్పుడు తాడుకు కట్టిన ఒక చిన్న బండి దాన్ని వెనక నుంచి నెడుతుంది. దిగేటప్పుడు ట్రాము ఆ బండికే ఆనుకుని వస్తుంది. అంటే పల్లం వైపు ఎప్పుడూ అడ్డుగా ఒక బండి ఉంటుంది. 2016లో ఇక్కడ రెండు ట్రాములు ఎదురెదురుగా ఢీకొన్నాయి. ఆగిపోయిన లైను మళ్లీ తెరుచుకున్నది 2025 ఫిబ్రవరి 1న. అందుకని బయల్దేరే ముందు నడుస్తోందో లేదో కనుక్కోండి. ఒబెర్దాన్ కూడలి దగ్గర గది తీసుకుంటే ట్రాము అక్కడే ఎక్కొచ్చు, రైల్వే స్టేషన్‌కు నడిచిపోవచ్చు. చివరిదాకా పోకుండా ఒబెలిస్కో స్టాపులో దిగండి. సముద్రం కనబడే కాలిబాట అక్కడే మొదలవుతుంది.