నుడా లేఅవుటా, అప్రూవల్ లేని వెంచరా: నెల్లూరులో ఇంటి స్థలానికి ఏది మేలు?

మా బావ ఇరవై అంకణాల స్థలం కోసం రెండు చోట్ల చూసొచ్చి, "ఏది కొనమంటావు?" అని నన్నడిగాడు. (బయటి ఊళ్ల వాళ్లకి: నెల్లూరు అంకణం 72 చదరపు అడుగులు, అంటే 8 గజాలు. తిరుపతి అంకణం ఇందులో సగమే. బేరమాడే ముందు ఏ అంకణమో తేల్చుకోండి.)

మొదటిది నుడా (నెల్లూరు అర్బన్ డెవలప్‌మెంట్ అథారిటీ) అప్రూవ్డ్ లేఅవుట్. ఊరికి దూరం, అంకణం 40 వేలు. రెండోది అప్రూవల్ లేని వెంచర్. ఊరికి దగ్గర, అంకణం 28 వేలు. మొత్తం మీద 2 లక్షల 40 వేలు తేడా. బావ మనసు రెండోదాని మీదే ఉంది.

సరే, పోయి చూశాం. ఆర్చి, ఎర్ర గ్రావెల్ రోడ్డు, సున్నం కొట్టిన హద్దురాళ్లు. బోర్డు మీద 'నుడా' అని బారెడు అక్షరాలు, దాని పక్కనే చీమ తలంత 'ప్రపోజ్డ్'. ఎల్పీ నంబరు (లేఅవుట్‌కి అనుమతిచ్చిన నంబరు) అడిగితే బ్రోకరు, "ప్రాసెస్‌లో ఉందన్నా. రిజిస్ట్రేషన్ అయిపోద్ది గదా, ఇంకేంది భయం?" అన్నాడు.

చాలామంది పడేది ఈ మాట దగ్గరే. రిజిస్ట్రేషన్ అయితే స్థలం మన పేరు మీదకి వస్తుంది, అంతే. అందులో ఇల్లు కట్టుకోవచ్చా అన్నది వేరే సంగతి. అది చెప్పాల్సింది నుడానో, కార్పొరేషనో. ఇంటి ప్లానుకి అనుమతి చేతికి రాకపోతే బ్యాంకు లోను ఊసే ఉండదు.

వెంచర్ వెనక్కి నడిచాం. బ్రోచర్‌లో 33 అడుగుల రోడ్డు. టేపు పెడితే 22. మిగతాది పక్క రైతు ఇస్తాడట, ఎప్పుడో చెప్పరు. రోడ్డు చివర పంట కాలువ, దాన్ని సగం పూడ్చి రెండు ప్లాట్లు వేసేశారు. 2021 నవంబరులో పెన్నా పొంగి పడుగుపాడు దగ్గర రైలు పట్టాలనే దెబ్బతీసింది. అది చూసిన ఊళ్లో కాలువ పూడ్చి ప్లాట్లు అమ్ముతున్నారు!

అప్రూవ్డ్ లేఅవుట్‌లో ఎక్కువ పెట్టే డబ్బుకి ఏమొస్తుంది? డెవలపర్ పదో వంతు ఖాళీ స్థలం వదిలి, దాన్నీ రోడ్లనీ స్థానిక సంస్థకి రాసిచ్చేయాలి. రోడ్లు, డ్రైన్లు పూర్తయ్యేదాకా కొన్ని ప్లాట్లు తాకట్టులో ఉంటాయి కాబట్టి డెవలపర్ చేతులు దులుపుకుని పోలేడు. అలాగని అక్కడంతా బాగుందనీ కాదు. మేం చూసినదాంట్లో నాలుగే ఇళ్లు, వీధిలైట్లు రెండు వెలగడం లేదు, పాలప్యాకెట్ కావాలన్నా బండి తీయాల్సిందే.

"తర్వాత ఎల్ఆర్ఎస్ కట్టేస్తే పోద్ది గదా" అన్నాడు బావ. ఎల్ఆర్ఎస్ అంటే అప్రూవల్ లేని ప్లాట్లని చార్జీలు కట్టించుకుని క్రమబద్ధం చేసే స్కీము. 2020 నియమాల్లో ఖాళీ స్థలం వదలని లేఅవుట్లకి భూమి విలువ మీద 14 శాతం ఓపెన్ స్పేస్ చార్జీ పెట్టారు, మిగతా చార్జీలు దాని మీద. 28 వేల లెక్కన ఇరవై అంకణాలకి అదే 78,400. అంతకంటే అసలు చిక్కు తేదీతో. 2025లో తెచ్చిన ఎల్ఆర్ఎస్ ఆ జూన్ 30 లోపు రిజిస్టరైన ప్లాట్లకే. ఇప్పుడు కొనేవాడు మళ్లీ స్కీము ఎప్పుడొస్తుందా అని కాచుక్కూర్చోవాలి.

అందుకే, ఇల్లు కట్టుకోడానికైతే ఇరవై కాకపోతే పద్నాలుగు అంకణాలైనా సరే, అప్రూవ్డ్‌లోనే కొనమన్నాను. చిత్రమేమంటే, 14 అంకణాలు 40 వేల లెక్కన సరిగ్గా 5 లక్షల 60 వేలు, బావ రెండోదానికి సిద్ధం చేసుకున్న డబ్బే.

మూడో దారి ఒకటుంది. ఊరి మధ్య పాత అనధికార ప్లాటు దొరికి, దానికి ఎల్ఆర్ఎస్ ప్రొసీడింగ్స్ (క్రమబద్ధం చేసినట్టు ఇచ్చే ఉత్తర్వు) వచ్చి ఉంటే, దూరపు నుడా లేఅవుట్ కంటే నేను దానికే ఓటేస్తా. కాకపోతే అప్లికేషన్ రసీదు చూపించి మాయ చేస్తారు, ప్రొసీడింగ్స్ కాపీయే అడగాలి. ఏది కొన్నా ఈసీ (స్థలం మీద జరిగిన రిజిస్ట్రేషన్ల చిట్టా), లింకు డాక్యుమెంట్లు (పాత దస్తావేజులు) చూసి, సర్వే నంబరు 22ఏ నిషేధిత జాబితాలో, అంటే రిజిస్ట్రేషన్ చేయకూడని భూముల జాబితాలో, ఉందేమో వెతకాలి. నెల్లూరులో చుక్కల భూములు (పాత రికార్డుల్లో యజమాని పేరు చోట చుక్కలున్నవి), డీకేటీ పట్టాలు (ప్రభుత్వం పేదలకి పంచిన భూములవి) తక్కువేం కాదు.

బావ ఇంకా అక్కని ఒప్పించాలట. ఆమెకి మాత్రం పాలప్యాకెట్ దగ్గర్లో దొరకాలి.