పెద్ద సంఖ్య ప్రధానమో కాదో తేల్చాలంటే ఏ పరీక్ష మేలు?

ముందు సంఖ్య రూపం చూడండి. 2^127 − 1 లాంటిదైతే, అంటే 2 ఘాతంలోంచి 1 తీసినదైతే, లూకాస్–లెహ్మర్‌ పరీక్షకు సాటి లేదు. మామూలు సంఖ్యలకు మిల్లర్–రాబిన్. ఫెర్మా పరీక్ష ఒక్కదాన్నే నమ్ముకుంటే ఎక్కడ దెబ్బతింటామో 561 చెబుతుంది.

ఫెర్మా పద్ధతిలో ఒక చిన్న సంఖ్యను (దీన్నే ఆధారం అంటారు, ఇక్కడ 2) పరీక్షించే సంఖ్య కంటే ఒకటి తక్కువ ఘాతానికి పెంచుతాం: 2^560ని 561తో భాగించి శేషం చూస్తాం. 1 రాకపోతే సంయుక్త సంఖ్యే, ఇక అనుమానం అక్కర్లేదు. ఇక్కడ 1 వస్తుంది. కానీ 561 = 3 × 11 × 17. ఈ మూడింటిలో దేనితోనూ భాగించబడని ఏ ఆధారం తీసుకున్నా ఇదే మోసం.

మిల్లర్–రాబిన్ అదే లెక్కను మెట్లు మెట్లుగా చేస్తుంది. 560 = 16 × 35 కాబట్టి 2^35తో మొదలు: శేషం 263. వర్గం చేసుకుంటూ పోతే 166, 67, 1. ప్రధాన సంఖ్యకైతే 1కి ముందు 560, అంటే −1, రావాలి. 67 వచ్చింది, 561 దొరికిపోయింది! పైగా 67 − 1 = 66, 561ల గ.సా.భా. 33, అంటే ఒక కారణాంకం కూడా చేతికొచ్చింది. శ్రమ ఇంచుమించు ఫెర్మాకు పట్టేదే.

అలాగని ఒక్క ఆధారంతో ఆపకండి. 2047 = 23 × 89, అయినా ఆధారం 2తో మిల్లర్–రాబిన్‌నూ దాటేస్తుంది. యాదృచ్ఛికంగా ఎంచిన ఒక్కో ఆధారానికి సంయుక్త సంఖ్య తప్పించుకునే అవకాశం నాలుగో వంతుకు మించదు. 40 ఆధారాలకు అది 2^80లో ఒక వంతుకు పడిపోతుంది. 64 బిట్ల లోపు సంఖ్యలకు 2 నుంచి 37 వరకు ఉన్న 12 ప్రధాన సంఖ్యలే ఆధారాలుగా చాలు, జవాబు నిశ్చయం. ప్రోగ్రాముల్లో ఎక్కువగా జరిగే పొరపాటు గుణకారంలో: రెండు 64 బిట్ల సంఖ్యల లబ్ధానికి 128 బిట్ల చోటు కావాలి. లేకపోతే పైబిట్లు రాలిపోయి, నిజమైన ప్రధాన సంఖ్య కూడా సంయుక్తంగా తేలుతుంది. సంఖ్యను ఇతరులు ఇచ్చినప్పుడు ఆధారాలు ముందే తెలిసినవి కాకూడదు. వాటిని దాటేలా సంయుక్త సంఖ్యను కావాలని తయారు చేయొచ్చు.

లూకాస్–లెహ్మర్‌లో ఘాతాంకం బేసి ప్రధాన సంఖ్య కావాలి. 4తో మొదలుపెట్టి, ప్రతిసారీ వర్గం చేసి 2 తీసి, పరీక్షించే సంఖ్యతో భాగించి శేషం పట్టాలి. ఘాతాంకం కంటే రెండు తక్కువ మెట్లు. 127 = 2^7 − 1కి: 4, 14, 67, 42, 111, 0. చివర సున్నా వచ్చింది, ప్రధానమని రుజువైంది. ఇక్కడ సంభావ్యతకు చోటే లేదు. 2024లో దొరికిన 2^136279841 − 1కి 4,10,24,320 అంకెలు. అంత పెద్ద లెక్కలో కంప్యూటర్ చేసే చిన్న తప్పూ అంతా పాడుచేస్తుంది. అందుకే ఇలాంటి పెద్ద ప్రధాన సంఖ్యల వేటలో ఇప్పుడు మొదటి వడపోత ఫెర్మా పరీక్షే: లెక్క మధ్యలో కంప్యూటర్ తప్పులను పట్టే గెర్బిచ్ తనిఖీ దానికి చక్కగా అతుకుతుంది. నిర్ధారణకు మాత్రం లూకాస్–లెహ్మరే.

2002లో ఐఐటీ కాన్పూర్‌లో మణీంద్ర అగ్రవాల్, నీరజ్ కయాల్, నితిన్ సక్సేనా ఇచ్చిన ఏకేఎస్ పరీక్ష ఏ సంఖ్యకైనా, రుజువు కాని ఏ ఊహ మీదా ఆధారపడకుండా, బహుపది కాలంలో (అంకెలు పెరిగే కొద్దీ విపరీతంగా పెరగని సమయంలో) తీర్పు చెబుతుంది. సిద్ధాంతంగా అది మహత్తరం, వాడకంలో మాత్రం బాగా నెమ్మది. మామూలు రూపంలో ఉన్న సంఖ్యకు రుజువే కావాలంటే దీర్ఘవృత్త వక్రాల పద్ధతి మేలు. అది రుజువుతో పాటు ఒక ధ్రువపత్రం ఇస్తుంది. మొదటి లెక్కంతా మళ్లీ చేయకుండానే ఎవరైనా దాన్ని సరిచూసుకోవచ్చు.