ఈగంత రోబో, కొండంత కోడ్

కొత్త ఏఐ మోడల్ వస్తే ఓసారి వాడి చూస్తాను, బాగుందనుకుంటాను, వారం తిరక్కుండానే మర్చిపోతాను. అదే ఈగంత రోబో గాల్లోకి లేచే వీడియో కనబడితే మాత్రం కళ్లు తిప్పుకోలేను.

సాఫ్ట్‌వేర్‌లో తప్పు దొర్లితే దిద్ది మళ్లీ నడిపిస్తే సరి. కాపీలకు ఖర్చు దాదాపు ఉండదు. వేగంలో దానిదే పైచేయి, కాదనను.

చిట్టి యంత్రానికి ఆ వెసులుబాటు లేదు. కొలతలు పదో వంతుకు తగ్గిస్తే ఉపరితలం వందో వంతవుతుంది, బరువేమో వెయ్యో వంతుకు పడిపోతుంది. ఇక అక్కడ పెత్తనమంతా రాపిడిది, అంటుకునే గుణానిది. మామూలు మోటారును అలాగే కుదిస్తే సామర్థ్యం చచ్చిపోతుంది. అందుకే హార్వర్డ్ యూనివర్సిటీలో పుట్టిన రోబోబీ అనే చిట్టి ఎగిరే రోబోకు మోటారు లేదు. కరెంటు తగిలితే వంగే పీజోఎలక్ట్రిక్ పలకలే రెక్కలను సెకనుకు సుమారు 120 సార్లు ఆడిస్తాయి. బరువు దాదాపు 80 మిల్లీగ్రాములు! 2013లో అదుపు తప్పకుండా ఎగిరింది. అయితే కరెంటు సన్నని తీగ గుండా అందింది, దాన్ని గాల్లో నిలబెట్టిన లెక్కలన్నీ బయటి కంప్యూటర్ చేసింది. అంటే సాఫ్ట్‌వేరే!

అయినా నా ఓటు రోబోకే. 1960లో ఇంజినీర్ విలియం మెక్‌లెల్లన్ అంగుళంలో 64వ వంతు మోటారు చేసి, అంత చిన్నది చేసినవారికి భౌతిక శాస్త్రవేత్త ఫైన్‌మన్ ప్రకటించిన 1000 డాలర్ల బహుమతి గెలిచాడు. అది చేసిన పనల్లా తిరగడమే. నాకదే చాలు.