ఎస్ఎంఏ బిడ్డకు పదహారు కోట్ల ఇంజెక్షనా, రోజూ తాగించే మందా?

స్పైనల్ మస్క్యులర్ ఎట్రోఫీ (ఎస్ఎంఏ) ఉందని రిపోర్టు చేతికి రాగానే తల్లిదండ్రులు అడిగే ప్రశ్న ఇదే. పదహారు కోట్ల జోల్జెన్‌స్మా ఇంజెక్షన్ కోసం విరాళాలు పోగు చేయాలా, రోజూ తాగించే రిస్డిప్లామ్ మొదలుపెట్టాలా? డాక్టరు సరేనంటే మందు వెంటనే మొదలుపెట్టండి, ఇంజెక్షన్ సంగతి ఆ తర్వాత చూడవచ్చు అన్నది నా అభిప్రాయం.

ఈ జబ్బులో కండరాలను కదిలించే నాడీకణాలు ఒక్కొక్కటిగా చనిపోతూ ఉంటాయి. పోయిన కణాన్ని ఏ మందూ తిరిగి తేలేదు. అందుకే ఏ మందన్నదాని కన్నా ఎప్పుడన్నదే ముఖ్యమని నేను నమ్ముతాను. జోల్జెన్‌స్మా పరిశోధనలే చూడండి. లక్షణాలు బయటపడ్డాక ఇచ్చిన అమెరికా పరిశోధనలో 22 మంది శిశువుల్లో 13 మంది ఏడాదిన్నర వయసుకు ఆసరా లేకుండా అర నిమిషం కూర్చోగలిగారు. లక్షణాలు రాకముందే ఇచ్చిన మరో పరిశోధనలో, తీవ్ర రకం రావలసిన 14 మందీ కూర్చున్నారు. మందు ఒకటే, ఇచ్చిన సమయమే వేరు. ఈ మందులను నేరుగా ఒకదానితో ఒకటి పోల్చిన పెద్ద పరిశోధన లేదు కనుక, ఫలానాదే గొప్పదని ఎవరైనా ఘంటాపథంగా చెబితే నమ్మకండి.

ఇక డబ్బు. రిస్డిప్లామ్ సీసా ఒకప్పుడు ఆరు లక్షల రూపాయల పైమాటే. పేటెంటు వివాదంలో, చవక రకాన్ని ఆపాలన్న అసలు తయారీదారు రోష్ కంపెనీ అభ్యర్థనను కోర్టులు తోసిపుచ్చాక, 2025 అక్టోబరులో హైదరాబాదుకు చెందిన నాట్కో దాన్ని రూ.15,900కు తెచ్చింది. ఎనిమిది కిలోల ఏడాది బిడ్డకు రోజుకు 1.6 మిల్లీగ్రాములు చాలు, 60 మిల్లీగ్రాముల సీసా ఐదు వారాలు దాటి వస్తుంది. అంటే ఏడాదికి సుమారు లక్షా అరవై వేలు. బరువు ఇరవై కిలోలకు చేరితే ఆ ఖర్చు దాదాపు మూడింతలవుతుంది, పైగా జీవితాంతం వాడాలి. అది చిన్న భారం కాదు. అయినా పదహారు కోట్లు పోగయ్యేదాకా చేతులు కట్టుకుని కూర్చోవడంతో పోలిస్తే ఇది ఎంతో నయం. పొడిని నీటితో కలిపిన మందు సీసాను ఫ్రిజ్‌లో ఉంచాలి, 64 రోజులు దాటితే పారేయాలి. పాలలో మాత్రం కలపకండి. పాలు తాగాక సిరంజితో విడిగా పట్టాలి.

జోల్జెన్‌స్మాను తక్కువ చేయడం లేదు. ఒక్కసారి ఎక్కిస్తే చాలు, రోజువారీ బాధ ఉండదు. అమెరికాలో ఉండి, బీమా వర్తించి, బిడ్డకు రెండేళ్లు నిండని తెలుగు కుటుంబమైతే డాక్టరుతో దాని గురించి తప్పక మాట్లాడాలి. ఈ ఇంజెక్షన్‌లో మంచి జన్యువును ఒంట్లోకి మోసుకెళ్లేది ఒక వైరస్; ముందుగా ఆ వైరస్‌కు బిడ్డ ఒంట్లో ప్రతిరోధకాలు ఉన్నాయేమో పరీక్షిస్తారు. తర్వాత నెలకు తగ్గకుండా స్టిరాయిడ్లు వాడుతూ, కాలేయ పరీక్షలు నెలల తరబడి చేయిస్తారు. రిస్డిప్లామ్ వాడుతూ తర్వాత దీనికి మారిన పిల్లలూ ఉన్నారు.

ఈ జబ్బుకే వాడే మూడో మందు నూసినెర్సెన్ కూడా మంచిదే. కానీ నాలుగు నెలలకోసారి వెన్నులో సూది తప్పదు. వెన్ను వంకరకు ఆపరేషన్ చేసి రాడ్లు వేసిన పిల్లలకు ఆ సూది వేయడమే కష్టం.

ఇంట్లో ఒక బిడ్డకు ఈ జబ్బు ఉంటే తర్వాతి ప్రతి కాన్పులోనూ నాలుగింట ఒక వంతు ముప్పు ఉంటుంది. గర్భంలోనే పరీక్ష చేయించే వీలుంది. లేదంటే పుట్టిన వెంటనే జన్యుపరీక్షకు రక్తం పంపండి, కాళ్లు ఆడిస్తున్నాడు కదా అని ఆగవద్దు.